ఫ్లాట్ కొన్నాక బ్రోకర్ మోసం బయటపడింది: మూడు లక్షలు, పార్కింగ్, మెయింటెనెన్స్ బకాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

మియాపూర్_వాసి:
అందరికీ నమస్తే. పోస్ట్ పెద్దది, ఓపిగ్గా చదవండి. మియాపూర్‌లో 2012లో కట్టిన అపార్ట్‌మెంట్‌లో ఒక రీసేల్ ఫ్లాట్ కొన్నాం. 1,180 చదరపు అడుగులు, 62 లక్షలు. సగానికి పైగా బ్యాంకు లోను, మిగతాది కూడా అకౌంట్ నుంచే పంపాం, సేల్ డీడ్‌లో అదే మొత్తం రాయించాం, ఒక్క శాతం టీడీఎస్ కూడా కట్టాం. ఓనరు బెంగళూరులో ఉంటాడు, మాటలన్నీ బ్రోకర్ ద్వారానే నడిచాయి.

రిజిస్ట్రేషన్‌కి వారం ముందు బ్రోకర్ వచ్చి, ఓనరు మాడ్యులర్ కిచెన్, వార్డ్‌రోబ్‌లు, రెండు ఏసీలు వదిలేసి వెళ్తున్నాడు, వాటికి విడిగా మూడు లక్షలు అడుగుతున్నాడు, ఓనరు తమ్ముడి అకౌంట్‌కి పంపమంటున్నాడు అన్నాడు. ఈ మాట వాట్సాప్‌లో కూడా పెట్టాడు. పంపాం. ఇంట్లోకి వచ్చాక కరెంటు మీటరు పేరు మార్పు కోసం ఓనరుకి నేరుగా ఫోన్ చేస్తే, మాటల మధ్యలో ఆ సామాన్ల సంగతి వచ్చింది. "మూడు లక్షలేంటండీ, అవన్నీ 62లో కలిపే ఇచ్చేశాను కదా, నాకు తమ్ముడే లేడు" అన్నాడు. ఆ అకౌంట్ బ్రోకర్ బావమరిదిదని తర్వాత తెలిసింది.

అక్కడితో అయిపోలేదు. చూడటానికి వెళ్లినప్పుడు లిఫ్టు పక్కన ఉన్న మంచి పార్కింగ్ చూపించి ఇదే మీది అన్నాడు. సామాను దింపే రోజు అక్కడ ఇంకొకళ్ల కారు ఉంది. అది మూడో అంతస్తు వాళ్లదట, మాకున్నది సంపు పక్కన మూల, చిన్న కారు కూడా తిప్పుకోలేం. దానికి తోడు పాత ఓనరు మెయింటెనెన్స్ 86 వేలు బకాయి ఉందని, అది తేలేవరకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇవ్వమని అసోసియేషన్ వాళ్లు అంటున్నారు. బకాయిలేం లేవని కూడా బ్రోకర్ వాట్సాప్‌లో రాసిచ్చాడు.

కమీషన్ ఒక శాతం, 62 వేలు, ఫోన్‌పేలో తీసుకున్నాడు. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. మా ఆవిడ నంబరు నుంచి చేస్తే ఎత్తి, "రిజిస్ట్రేషన్ అయిపోయింది కదా సార్, ఇక నాకేం సంబంధం" అని పెట్టేశాడు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. దారి చెప్పండి.

నల్లగొండ_బిడ్డ:
అన్నా, ఇవ్వాళే స్టేషన్‌కి పో. నీ దగ్గర ట్రాన్స్‌ఫర్ ప్రూఫ్ ఉంది, వాట్సాప్ ఉంది, ఇంకేం కావాలి. లేని తమ్ముడి పేరు చెప్పి పైసలు తీసుకున్నడంటే అది సీదా చీటింగ్. మా మేనమామకి బీరంగూడలో ఇట్లనే అయింది, ఆర్నెల్లు బతిమిలాడుకుంటూ కూసున్నడు, వాడు ఆఫీసు ఎత్తేసి పోయిండు.

కొండాపూర్_88:
రెరాలో, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో, కంప్లయింట్ వేయండి. ఏజెంట్లందరికీ రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. సెక్షన్ 62 కింద రోజుకి 10 వేల చొప్పున, ఆస్తి విలువలో 5 శాతం దాకా జరిమానా వేసే అధికారం వాళ్లకుంది.

వకీలు_ఎల్బీనగర్:
కొండాపూర్ గారూ, మీరు చెప్పిన సెక్షన్ సరైనదే, కానీ ఈ కేసుకి అతకదు. 2016 రెరా చట్టంలో ఏజెంట్ రిజిస్ట్రేషన్ అనేది రెరాలో నమోదు కావాల్సిన ప్రాజెక్టుల్లో అమ్మకాలకి సంబంధించింది. తెలంగాణలో 2017 జనవరి 1 తర్వాత పర్మిషన్ తీసుకున్న ప్రాజెక్టులే దాని కిందకి వస్తాయి. ఈ బిల్డింగ్ 2012ది. అక్కడికి వెళ్తే ఇది మా పరిధి కాదనే అభ్యంతరంతోనే నెలలు గడుస్తాయి.

మియాపూర్ గారూ, ముందు ఒక పని చేయండి. మీ మూడు సమస్యల్ని ఒకే మూటగా కట్టి బ్రోకర్ మీద వేయకండి. మూడింటికీ బాధ్యులు వేరు. మూడు లక్షలు పూర్తిగా బ్రోకర్ వ్యవహారం. మెయింటెనెన్స్ బకాయి పాత ఓనరుది, ఎందుకంటే మామూలుగా మన సేల్ డీడ్‌లలో ఈ తేదీ వరకు ఉన్న పన్నులు, బాకీలు అమ్మినవాళ్లే కట్టుకోవాలని ఒక క్లాజు ఉంటుంది, మీ డీడ్ తీసి అది ఉందో లేదో చూడండి. పార్కింగ్ సంగతి డీడ్‌లో షెడ్యూల్ ఏం చెబుతోందన్న దాన్ని బట్టి ఉంటుంది. బ్రోకర్ నోటితో చూపించిన చోటు వేరు, కాగితం మీద మీకు వచ్చిన హక్కు వేరు.

రిటైర్డ్_బ్యాంకర్:
వకీలు గారు చెప్పినదానికి నాదొక మాట. ఈ మొత్తంలో మీకున్న అతి పెద్ద బలం ఆ బెంగళూరు ఓనరు. చాలామంది ఇలాంటప్పుడు బ్రోకర్‌నీ ఓనరునీ కలిపి తిట్టిపోస్తారు, నోటీసు ఇద్దరికీ పంపుతారు. దాంతో అప్పటివరకు నిజం చెబుతున్న ఓనరు కూడా తన లాయరు దగ్గరికి పోయి నోరు మూసుకుంటాడు. ఆయన "నాకు మూడు లక్షలు రాలేదు, నేను అడగలేదు, నాకు తమ్ముడు లేడు" అని ఒక మెయిల్ రాసిస్తే బ్రోకర్‌కి చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. బకాయి గురించి ఆ తర్వాత మర్యాదగా మాట్లాడుకోవచ్చు. ఫోన్‌లో చెప్పిన మాట కాదు, రాతపూర్వకంగా తీసుకోండి, ఆయన మంచి మూడ్‌లో ఉండగానే.

మియాపూర్_వాసి:
బ్యాంకర్ గారూ, నిజమే, మా తమ్ముడు ఇద్దరికీ నోటీసు పంపేద్దాం అంటున్నాడు. ఆపాను. డీడ్ చూశాను, బకాయిల క్లాజు ఉంది. షెడ్యూల్‌లో "స్టిల్ట్ ఫ్లోర్‌లో ఒక కారు పార్కింగ్, 100 చ.అ." (అంటే బిల్డింగ్ కింద స్తంభాల మధ్య ఖాళీలో) అని ఉంది, నంబరు లేదు.

ఏజెంట్_నేనే:
నేను ఇదే వృత్తిలో పదిహేనేళ్లుగా ఉన్నాను, కూకట్‌పల్లి వైపు. చదివి బాధేసింది. మాలో ఏం జరుగుతుందో చెబుతాను, మీకు పనికొస్తుంది. కొందరు ఓనర్లు "నాకు నెట్ ఇంత చేతికి రావాలి, పైన ఎంత తెచ్చుకుంటావో నీ ఇష్టం" అంటారు. ఆ పైది బ్రోకర్ తీసుకుంటాడు. ఇది కొనేవాళ్లకి తెలియదు. మీరు నోటీసు పంపగానే అతను చెప్పేది ఇదే: "ఓనరుతో నాకు నెట్ రేటు ఒప్పందం, ఆ మూడు లక్షలు నా డిఫరెన్స్" అని. కాబట్టి ఓనరుని ఈ ప్రశ్న సూటిగా అడగండి, నెట్ రేటు మాట అనుకున్నారా అని. అనుకోలేదంటే మెయిల్‌లో అది కూడా రాయించండి.

ఒకవేళ అనుకున్నా సరే, తమ్ముడి అకౌంట్ అని అబద్ధం చెప్పి బావమరిదికి వేయించడం డిఫరెన్స్ కిందకి రాదు. డిఫరెన్స్ తీసుకునేవాడు కూడా మీ దగ్గర కమీషన్ తీసుకుని, పైన ఇలా చేయడు. మీ దగ్గర వాట్సాప్ మెసేజ్ ఉంది కదా, అది మాత్రం జాగ్రత్త. అతను "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" కొట్టలేనంత పాతదై ఉంటుంది కానీ మీ ఫోన్ పోతేనే ప్రమాదం. ఈ రోజే చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌కి పంపుకోండి.

వకీలు_ఎల్బీనగర్:
స్క్రీన్‌షాట్లు ఒక్కటే సరిపోవు. కోర్టులో పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 63 కింద ఒక సర్టిఫికెట్ జతచేయాలి, పాత చట్టంలో 65బీ అనేవాళ్లం. అసలు ఫోన్ మార్చకండి, ఫార్మాట్ చేయకండి.

కేపీహెచ్‌బీ_సరిత:
పార్కింగ్ గురించి నాకు తెలిసింది చెబుతాను, మేం ఇదే బాధ పడ్డాం. నంబరు లేకపోతే కంగారు పడకండి, హైదరాబాద్‌లో పాత డీడ్‌లు చాలావరకు అలాగే ఉంటాయి. లింకు డాక్యుమెంట్లు తీయండి. బిల్డర్ మొదటిసారి పాత ఓనరుకి అమ్మినప్పటి డీడ్‌లో గానీ, అప్పట్లో బిల్డర్ ఇచ్చిన అలాట్‌మెంట్ లెటర్‌లో గానీ నంబరు ఉండొచ్చు. మాకు ఆ లెటర్‌లోనే దొరికింది. లిఫ్టు పక్కది మాదేనని దానివల్లే తేలింది, పదేళ్లుగా వేరేవాళ్లు వాడుకుంటున్నారు, ఎందుకంటే పాత ఓనరుకి కారే లేదు! జీహెచ్‌ఎంసీ మంజూరు చేసిన ప్లాన్ కాపీ కూడా తెచ్చుకోండి, స్టిల్ట్‌లో ఎన్ని కార్లకి చోటు చూపించారో తెలుస్తుంది. సంపు పక్కన ఉన్న మూల ప్లాన్‌లో పార్కింగే కాకపోతే అసోసియేషన్ మీకు సరైన చోటు చూపించాల్సిందే.

ఇంకోటి, మూడో అంతస్తు వాళ్లతో గొడవకి దిగకండి. మీరు అక్కడ ఏళ్ల తరబడి ఉండాలి. బ్రోకర్ మూడు నెలల్లో మిమ్మల్ని మర్చిపోతాడు, పక్కింటివాళ్లు రోజూ లిఫ్టులో కనబడతారు.

కొండాపూర్_88:
స్టిల్ట్ పార్కింగ్‌ని బిల్డర్ విడిగా అమ్ముకోవడానికి వీల్లేదని 2010లో సుప్రీంకోర్టు నహల్‌చంద్ కేసులో చెప్పింది. అది మహారాష్ట్ర చట్టం కింద వచ్చిన తీర్పు అయినా అసోసియేషన్ మీటింగ్‌లో చూపించడానికి పనికొస్తుంది.

శంషాబాద్_72:
ఇన్ని తిప్పలెందుకు, సేల్ క్యాన్సిల్ చేయించుకుని డబ్బు వెనక్కి తీసుకోవచ్చు కదా?

రిటైర్డ్_బ్యాంకర్:
వద్దు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 62 లక్షలకి 4 లక్షల 65 వేలు ఇప్పటికే కట్టి ఉంటారు, అది తిరిగి రాదు. లోను ప్రాసెసింగ్ అంతా మళ్లీ మొదటికి. పైగా ఓనరు తప్పేం లేనప్పుడు ఆయన ఎందుకు ఒప్పుకుంటాడు? ఇల్లు బాగుంది, టైటిల్ బాగుంది. పోయింది మూడు లక్షలు, దాని వెంట పడాలి.

నల్లగొండ_బిడ్డ:
వాని ఫొటో, నంబరు ఫేస్‌బుక్ గ్రూపుల్ల పెడితే తెల్లారేసరికి కాళ్ల మీద పడతడు. మన మియాపూర్ గ్రూపుల యాభై వేల మంది ఉన్నరు.

వకీలు_ఎల్బీనగర్:
తమ్ముడూ, ఆ పని వద్దు. ఇప్పుడు తప్పు అతని వైపే ఉంది. ఫొటో పెట్టి దొంగ అని రాస్తే, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 కింద పరువునష్టం కేసు వేసి, ఆ కేసు వాపసు తీసుకుంటా, నువ్వూ తీసుకో అని బేరం పెడతాడు. అతని చేతికి ఆయుధం మనమే ఇచ్చినట్టవుతుంది. అలాగే లోకల్ లీడర్ దగ్గర పంచాయితీ పెట్టించడం కూడా. అక్కడ తేలేది సగానికి సగం, అందులో పెద్దమనుషుల వాటా పోను మీకేం మిగలదు.

ఇలా చేయండి. ఓనరు మెయిల్ రాగానే బ్రోకర్‌కీ, అకౌంట్ ఎవరిదో ఆ బావమరిదికీ లాయరు నోటీసు పంపండి, స్పీడ్ పోస్టులో, డెలివరీ రుజువుతో. పదిహేను రోజులు గడువు ఇవ్వండి. నోటీసులో తిట్లు వద్దు, తేదీ, మొత్తం, యూటీఆర్ (బ్యాంకు ట్రాన్స్‌ఫర్ రిఫరెన్సు) నంబరు, అతను రాసిన మెసేజ్ యథాతథంగా. జవాబు రాకపోతే రెండు దారులు పక్కపక్కనే నడపొచ్చు. ఒకటి పోలీసు పిటిషన్, 2024 జులై 1 తర్వాత జరిగిన మోసం కాబట్టి బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 318(4), పాత ఐపీసీ 420. రెండోది జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు కమీషన్ చెల్లించి అతని సేవ తీసుకున్నారు, ఆ సేవలో లోపం, మోసం జరిగాయి. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే చోటే వేయొచ్చు, రెండేళ్లలోపు వేయాలి. సేవకి చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో వేయొచ్చు, లాయరు లేకుండా కూడా.

బాచుపల్లి_కొత్త:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మేం బాచుపల్లిలో కొత్త ప్రాజెక్టులో ఫ్లాట్‌కి ఆదివారం టోకెన్ ఇద్దామనుకుంటున్నాం. ఏజెంట్ తన విజిటింగ్ కార్డు మీద రెరా నంబరు ఉందని చూపించాడు. అది చాలా?

ఏజెంట్_నేనే:
ఆ నంబరు ఏ అక్షరంతో మొదలవుతోందో చూడండి. తెలంగాణ రెరాలో ప్రాజెక్టు నంబరు "పీ"తో, ఏజెంట్ నంబరు "ఏ"తో మొదలవుతుంది. చాలామంది బిల్డర్ ప్రాజెక్టు నంబరునే కార్డు మీద వేసుకుని తమ లైసెన్సు అన్నట్టు చూపిస్తారు. రెరా వెబ్‌సైట్‌లో రెండూ వెతకండి. ఇంకో సంగతి కూడా చూసుకోండి, బిల్డర్లు ప్లాన్ మంజూరు అయ్యేటప్పుడు 10 శాతం బిల్టప్ ఏరియాని మున్సిపాలిటీకి తనఖా పెడతారు, ఓసీ (కాపురం ఉండొచ్చన్న సర్టిఫికెట్) వచ్చేదాకా అది విడిపించరు. మీరు తీసుకోవాలనుకుంటున్న ఫ్లాట్ ఆ తనఖా ఫ్లాట్లలో ఒకటి కాదు కదా అని మంజూరు ప్లాన్‌తో, ఈసీతో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే సర్టిఫికెట్‌తో) సరిచూసుకోండి. ఆదివారం తొందరేం లేదు, ఫ్లాట్ ఎక్కడికీ పోదు.

కేపీహెచ్‌బీ_సరిత:
టోకెన్ ఇస్తే బిల్డర్ కంపెనీ అకౌంట్‌కే ఇవ్వండి. ఏజెంట్ అకౌంట్‌కి ఒక్క రూపాయి కూడా వద్దు.

మియాపూర్_వాసి:
అప్‌డేట్. ఓనరు మంచివాడు. నెట్ రేటు అనే మాటే తమ మధ్య రాలేదని, పైగా తన దగ్గర కూడా బ్రోకర్ ఒక శాతం తీసుకున్నాడని మెయిల్ పంపాడు. లాయరు నోటీసు వెళ్లింది. నోటీసు అందిన మర్నాడే బ్రోకర్ ఫోన్ చేశాడు, ఇన్నాళ్లు ఎత్తనివాడు. "సార్, మీరు అపార్థం చేసుకున్నారు, మనం మనం మాట్లాడుకుందాం, లక్షన్నర ఇస్తాను, స్టాంపు పేపర్ మీద సంతకం పెట్టండి" అన్నాడు. మా నాన్న వచ్చినంత తీసుకుని వదిలేయమంటున్నారు. ఏమంటారు?

వకీలు_ఎల్బీనగర్:
ఆ స్టాంపు పేపర్ మీద ఏం రాసి ఉందో నాకు చూడకుండానే తెలుసు: "ఇకపై ఎలాంటి క్లెయిమ్ లేదు, అన్ని వివాదాలూ పరిష్కారమయ్యాయి." సంతకం పెడితే మిగతా లక్షన్నర, కమీషన్ సంగతి అన్నీ అక్కడితో ముగుస్తాయి. అతను ఫోన్ చేయడమే నోటీసు పనిచేసిందనడానికి గుర్తు. పంపే డబ్బు ఎంతైనా సరే అకౌంట్‌కి పంపమనండి, "పార్ట్ పేమెంట్‌గా అందింది" అని మీరు మెసేజ్ పెట్టండి. మొత్తం వచ్చేవరకు సంతకం వద్దు.

రిటైర్డ్_బ్యాంకర్:
నాన్నగారి భయం నాకు అర్థమవుతుంది, మా తరం వాళ్లకి కోర్టు అంటేనే గుండె దడ. ఆయన్ని కూర్చోబెట్టి ఓనరు మెయిల్ చదివి వినిపించండి. సాక్ష్యం ఇంత గట్టిగా ఉన్న కేసుని నేను సర్వీసులో కొన్నే చూశాను. సగానికి ఒప్పుకోవాల్సిన పని లేదు.

మియాపూర్_వాసి:
ఒప్పుకోలేదు. గడువు దాటాక స్టేషన్‌లో పిటిషన్ ఇచ్చాం. మొదట అక్కడ "ఇది సివిల్ మేటర్ కదా" అన్నారు.

నల్లగొండ_బిడ్డ:
అందరికీ అదే చెప్తరు అన్నా.

వకీలు_ఎల్బీనగర్:
పిటిషన్ తీసుకున్నట్టు రసీదు తీసుకోండి. ఎఫ్‌ఐఆర్ చేయకపోతే కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 173(4) కింద పైఅధికారికి పోస్టులో పంపొచ్చు, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. ఎస్సైతో మాట్లాడేటప్పుడు పార్కింగ్, మెయింటెనెన్స్ సంగతులు ఎత్తకండి. అవి ఎత్తగానే మొత్తం సివిల్ అయిపోతుంది. లేని తమ్ముడి పేరు, బావమరిది అకౌంట్, ఓనరు మెయిల్, ఈ మూడే చెప్పండి.

మియాపూర్_వాసి:
అలాగే చెప్పాం. ఆ మెయిల్ ప్రింటు చదివాక ఎస్సై గారి ధోరణే మారింది. బ్రోకర్‌ని, బావమరిదిని పిలిపించారు. ఆ వారంలోనే రెండు లక్షలు మా అకౌంట్‌లో పడ్డాయి. మిగతా లక్షకి చెక్కు ఇచ్చాడు, వచ్చే నెల తేదీతో. పిటిషన్ వాపసు తీసుకోమని అడుగుతున్నాడు, చెక్కు క్లియర్ అయ్యేదాకా లేదని చెప్పాం.

ఓనరుతో బకాయి మాట కూడా అయింది. ఆయన అసోసియేషన్‌కి ఫోన్ చేస్తే, 86 వేలలో 20 వేలకి పైగా ఆయన ఎప్పుడో కట్టినవే, రసీదు పుస్తకంలో ఎక్కలేదట. ఆయన దగ్గరున్న ట్రాన్స్‌ఫర్ వివరాలు చూపిస్తే తగ్గించారు, మిగిలింది ఆయనే కట్టేశాడు. ఎన్‌ఓసీ చేతికొచ్చింది.

పార్కింగ్‌కి సరిత గారు చెప్పినట్టే పాత ఓనరు దగ్గర బిల్డర్ అలాట్‌మెంట్ లెటర్ దొరికింది. లిఫ్టు పక్కది మాది కాదు, నిజంగానే మూడో అంతస్తు వాళ్లదే, బ్రోకర్ చూపించింది పచ్చి అబద్ధం. కానీ సంపు పక్కది కూడా మాది కాదు. మాది 7వ నంబరు, గేటు నుంచి రెండో స్తంభం దగ్గర. ప్రస్తుతం అక్కడ వాచ్‌మన్ సామాను, అసోసియేషన్ పాత ఫర్నిచర్ ఉన్నాయి. సెక్రటరీ గారికి లెటర్ కాపీ ఇచ్చాను, జనరల్ బాడీలో పెట్టి ఖాళీ చేయిస్తామన్నారు.

కేపీహెచ్‌బీ_సరిత:
చాలా సంతోషంగా ఉంది! ఖాళీ చేయగానే స్తంభం మీద మీ ఫ్లాట్ నంబరు పెయింట్ వేయించండి. తీర్మానాన్ని మినిట్స్ పుస్తకంలో రాయించండి, కమిటీ మారితే మళ్లీ మొదటికొస్తుంది.

ఏజెంట్_నేనే:
కమీషన్ 62 వేలు వదిలేయకండి. ఇలాంటివాళ్ల వల్ల మేం ఫోన్ చేసినా జనం దొంగల్లా చూస్తున్నారు. అతనికి ఆ డబ్బు మీద హక్కు లేదు.

మియాపూర్_వాసి:
వదలడం లేదు. కమీషన్, నోటీసు ఖర్చులు, మానసిక వేదన కింద పరిహారం అడుగుతూ వినియోగదారుల కమిషన్‌లో కంప్లయింట్ మా ఆవిడ స్వయంగా డ్రాఫ్ట్ చేసింది, వకీలు గారు రెండుచోట్ల సరిచేశారు. ఈ-జాగృతిలో అప్‌లోడ్ అయింది. ఆమె పేరు కూడా డీడ్‌లో ఉంది కాబట్టి ఇద్దరం ఫిర్యాదుదారులం.

వకీలు_ఎల్బీనగర్:
ఆ చెక్కు మీద తేదీ రాగానే వేయండి, మూడు నెలలు దాటితే చెల్లదు. బౌన్స్ అయితే బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లోపు నోటీసు పంపాలి, అతనికి 15 రోజులు గడువు, అప్పటికీ ఇవ్వకపోతే నెలలోపు సెక్షన్ 138 కింద చెక్కు బౌన్స్ కేసు. మెమో రాగానే నాకు మెసేజ్ పెట్టండి, ఆలస్యం చేయకండి.

మియాపూర్_వాసి:
తప్పకుండా సార్. చెక్కు ఫొటో, బ్యాంకు పేరు మీకు విడిగా పంపాను. తేదీ రోజు ఉదయమే బ్రాంచికి వెళ్తున్నాను.